సుబ్బరావమ్మ కాళ్లకు దిక్కు

మిరప కల్లంలో పొద్దస్తమానం కూర్చుని రంగు వెలిసిన తాలుకాయలు ఏరే సుబ్బరావమ్మ, సాయంత్రానికి బూరెల్లా పొంగిన పాదాలతో ఇల్లు చేరుతుంది. గడప మీద కూలబడి, కాయలో తేమ చూసినట్టే పిక్క మీద బొటనవేలితో నొక్కుతుంది. పడిన గుంట ఎంతసేపటికీ పూడదు. "వయసు మీదపడితే ఒంట్లో నీటిని పైకి తోడే లింఫు నాళాలు కూడా అలిసిపోతాయమ్మా. కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోండి," అన్నాడు గుంటూరు డాక్టరు. వాపు తగ్గకపోతే కల్లం మాన్పిస్తానని కోడలు తెగేసి చెప్పింది. కల్లం మాని ఇంట్లో కూర్చోవడం కన్నా డాక్టరు చెప్పినట్టు పడుకోవడమే నయం సుబ్బరావమ్మకు.

ఎత్తు పెట్టడానికి దిండ్లున్నాయి గాని, కాళ్లు చాపడానికి దిక్కే దొరకలేదు. తూర్పు గోడకు దేవుడి పటాలు. ఉత్తరాన ధర కోసం ఆపిన మిరప టిక్కీలు, ఆ బస్తాలంటే సాక్షాత్తూ లక్ష్మి. దక్షిణానికి చాపితే తల ఉత్తరానికి వస్తుంది. పడమర మొగుడు పేరయ్య మంచం.

"ఆకాశం వైపు పెట్టుకో నాయనమ్మా, ఖాళీగానే ఉంది," అంది మనవరాలు రచన.

"నీ నోరు పడిపోను, అక్కడ సూర్యనారాయణమూర్తి లేడటే?"

పేరయ్య లేచొచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నా ఒళ్లో పెట్టు."

"మొగుణ్ణి తన్నిన పాపం నాకెందుకయ్యా?"

"పెళ్లైన కాడ్నుంచీ మాటలతో తంతానే ఉన్నావుగా. కొత్తగా వచ్చే పాపమేంది?"

సుబ్బరావమ్మకు వాదించే ఓపిక లేదు. ఆయన మోకాలు తాకి, కళ్లకద్దుకుని, కాళ్లు చాపింది. పేరయ్య పిక్క మీద ఒకసారి నొక్కి, ఆ గుంట పూడేదాకా కదలకుండా కూర్చున్నాడు.