పడవ అవ్వ కాళ్ళు

బ్యానర్ బాబాయికి కాళ్ళు రావు. అంటే ఆయన కాళ్ళు రెండూ నిక్షేపంలా ఉన్నాయి, బొమ్మలో వెయ్యడమే రాదు. పాతికేళ్ళు నాయకుల బ్యానర్లు రాసిన చెయ్యి అది. నాయకుడంటే ఏముంది, ఒక తల, ఒక చొక్కా, జోడించిన రెండు చేతులు. నడుం దగ్గరికి వచ్చేసరికి పార్టీ పేరు మొదలవుతుంది. నాకు కాళ్ళు కూడా వెయ్యవయ్యా అని అడిగిన నాయకుడు ఒక్కడూ లేడు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చి బాబాయి కుంచెల్ని అటకెక్కించాయి. నాలుగేళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక, బస్టాండు ఎదుటి రెండంతస్తుల గోడ మీద ఊరి చరిత్రంతా బొమ్మలుగా వెయ్యమని మునిసిపాలిటీ నుంచి పిలుపొచ్చింది. బాబాయి ఎగిరి గంతేశాడు, వీధి వీధంతా చాటింపు వేసుకున్నాడు. కాళ్ళ సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు, కట్టుకున్న ఆవిడ దగ్గర కూడా.

ఆయన వీధిలో అందరికీ బాబాయి గనక ఆవిడ పిన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నిచ్చెన పట్టుకునే ఉద్యోగం ఆవిడదే. బాబాయికి ఎత్తంటే గుండె దడ. పది నిమిషాలకోసారి పైనుంచి కేకేస్తాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా, కానివ్వండి."

నెల్లాళ్ళలో పైన కాస్త ఖాళీ తప్ప గోడంతా నిండింది. కోట కట్టిన రాజుగారు పిట్టగోడ వెనక నిలబడ్డాడు. సైనికులు మోకాళ్ళ లోతు గడ్డిలో పోట్లాడుకున్నారు. వర్తకులు బస్తాల వెనక, నాట్యకత్తెలు బాతుల గుంపు వెనక దాక్కున్నారు. మరి బాతుల కాళ్ళో అంటారేమో, వాటిని చెరువులోకి దింపేశాడు.

మునిసిపల్ ఇంజనీరమ్మ వచ్చి గోడని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"పూర్వం మన ఊళ్ళో ఎవరికీ కాళ్ళుండేవి కావాండీ?"

"ఆ రోజుల్లో గడ్డి ఎక్కువండీ," అన్నాడు బాబాయి.

"సరే, పడవ అవ్వ ఏది?"

బాబాయి కుంచె తుడుచుకోవడంలో పడ్డాడు. పడవ అవ్వ లేనిదే ఆ ఊరు లేదు. ఇల్లు కట్టుకునే చోటు వెతుకుతూ బంధువులంతా ఆవిడ పడవెక్కారట. ఒక రేవు ఒకడికి నచ్చితే ఇంకొకడికి నచ్చదు. వాళ్ళ సణుగుడు భరించలేక అవ్వ ఒడ్డు మీద కుడికాలు పెట్టి, "ఇక ఒక్క అడుగు కూడా వెయ్యను, ఉంటే ఉండండి, పోతే పొండి" అందట. ఆ కాలు పెట్టిన చోటే ఊరు వెలిసింది.

"అవ్వని పడవలోనే కూర్చోబెడదామనీ..."

"కాలు పెట్టకపోతే ఆవిడ కథేముందండీ? గురువారానికల్లా పైన ఆ ఖాళీలో అవ్వ కాళ్ళతో సహా కనబడాలి. లేదంటే గోడకి సున్నం కొట్టించి ఫ్లెక్సీ కట్టించేస్తాను."

ఫ్లెక్సీ అన్న మాట బాబాయికి చెంపదెబ్బలా తగిలింది. రెండు రోజులు కాగితాల మీద కుస్తీ పట్టాడు. ఏ కాలు వేసినా నమస్కారం పెట్టే చెయ్యిలాగే వస్తోంది. వేళ్ళు ఒకసారి ఆరు, ఒకసారి నాలుగు.

బుధవారం నిచ్చెన చివరికెక్కి అవ్వ ముఖం వేశాడు, చీర వేశాడు. చీర అంచు దగ్గర చెయ్యి ఆగిపోయింది, కళ్ళు తిరిగాయి.

"పట్టుకున్నావా?" అంటూ కిందికి చూశాడు.

నిచ్చెన మొదట్లో రెండు పాదాలు. కాస్త ఎడంగా, నేలలో పాతినట్టు. కుడి బొటనవేలు పక్కకి వంకర. చెప్పు పట్టీ తెగిన చోట పిన్నీసు. పైనున్నప్పుడు భయమేస్తే ఇన్నేళ్ళూ ఆయన చూసింది వాటినే. అవి అక్కడుంటే తను పడడు. కుంచె దానంతటదే కదిలింది, మళ్ళీ కిందికి చూడాల్సిన పని కూడా పడలేదు.

గురువారం ఇంజనీరమ్మ తల పైకెత్తింది.

"మనిషి ఎదురుగా ఉంది, కాళ్ళు మేడ మీంచి చూసినట్టున్నాయేమిటి?"

"నాకు అట్లాగే తెలుసండీ."

"పోనీలెండి, కాళ్ళయితే ఉన్నాయి. గోడ ఉంచేద్దాం. కానీ చెప్పుకి ఆ పిన్నీసేమిటి? ఆ కాలంలో పిన్నీసులెక్కడివి? చెరిపెయ్యండి."

"చెరిపితే చెప్పు ఊడిపోతుందండీ!"

"చెరపండి."

నిచ్చెన పక్కనున్న పిన్ని అప్పుడు తలెత్తి చూసింది. వంకర బొటనవేలు చూసింది, పిన్నీసు చూసింది. సిగ్గుతో కుడికాలు చీర కుచ్చెళ్ళ కిందికి లాక్కుంది. పైకి చూసి, కిందికి చూసి, మళ్ళీ పైకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా ఈ మనిషి తననేం చూస్తాడులే అనుకునేది ఆవిడ.

బాబాయి ఉసూరుమంటూ తెల్లరంగు డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కాడు. చివరిమెట్టు మీద అలవాటుగా అడిగాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా," అంది పిన్ని. "ఆ పిన్నీసు జోలికెళ్ళారో, వదిలేస్తా."