పౌలురాజు ముందే చెప్పిన సాక్ష్యం

పౌలురాజుకు ఢిల్లీలో సొంత పేరు లేదు. మా చర్చి సంఘంలో అందరికీ అతను 'సరళ సిస్టర్ వాళ్ళాయన'. ఆస్పత్రి గేటు దగ్గర కాపలా వాళ్ళకు 'సరళా సిస్టర్ కా హస్బెండ్'. కోస్తా జిల్లాల నుంచి నర్సు ఉద్యోగాలకు వచ్చిన మా ఆడపిల్లల మొగుళ్ళలో చాలామంది సంగతి ఇంతే. పెళ్ళాం ఉద్యోగం ఎక్కడుంటే అక్కడికి పెట్టె పట్టుకుని వస్తారు. వచ్చాక ఏం చేయాలో తోచక ఏడాదో రెండేళ్ళో కూరగాయలు తెస్తూ, హిందీ నేర్చుకుంటూ గడుపుతారు. మా ఆయన కూడా అలా వచ్చినవాడే కాబట్టి నాకు బాగా తెలుసు.

నా పేరు సీతారత్నం. సాకేత్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో వార్డు ఇన్‌ఛార్జిని. ఏ సిస్టరు ఏ వారం ఎక్కడ డ్యూటీ చేయాలో చార్టు రాసేది నేనే. నాకు నోరెక్కువని పేరుంది, అబద్ధమేమీ కాదు. సరళకుమారి నా కింద ఆరేళ్ళు పనిచేసింది. నెమ్మదస్తురాలు. డాక్టరు కసిరినా తలవంచుకుని పని చేసుకుపోయే రకం. నేనైతే అక్కడే నాలుగు దులిపేదాన్ని.

పౌలురాజుది నరసాపురం దగ్గర పల్లె. బి.కాం. చదివాడు. కూరగాయలు తేవడంతో విసిగిపోయి ఘాజియాబాద్‌లో వాళ్ళుండే ఇంటి కిందిగదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. విడిభాగాలు కొని బిగించిన ఎనిమిది కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు బెతెల్ కంప్యూటర్స్ అని బోర్డు. చుట్టుపక్కల పిల్లలకు టైపింగు, లెక్కల ప్యాకేజీ నేర్పేవాడు. ఓపిక ఎక్కువ. అక్కడి పిల్లలు 'సర్‌జీ' అని పిలిస్తే అతని మొహం వెలిగిపోయేది. పాపం, మొదటిసారి అతన్ని అతనిగా పిలిచినవాళ్ళు ఆ పిల్లలే.

కంప్యూటర్ నడవాలంటే ముందు దాన్ని లేపి కూర్చోబెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండాలి, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అందరూ వాడేది ఒక అమెరికా కంపెనీది. అది న్యాయంగా కొనాలంటే ఒక్కో కంప్యూటర్‌కు వేలల్లో అవుతుంది. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారులో పేవ్‌మెంటు మీద వంద రూపాయలకు దొంగ సీడీ దొరుకుతుంది. ఆ వీధిలో సెంటర్లన్నీ ఆ సీడీల మీదే నడిచేవి, పౌలురాజుది కూడా. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు.

సరళకు అప్పటికే రెండు కాన్పులు పోయాయి, రెండూ ఐదో నెలలోనే. రెండువేల ఆరులో మూడోసారి నిలిచింది. ఈసారి మా గైనిక్ డాక్టరమ్మ గర్భసంచి ముఖానికి కుట్టు వేసి ఖచ్చితంగా చెప్పింది. "మంచం దిగొద్దు. ఘాజియాబాద్ నుంచి రెండు బస్సులు మారి డ్యూటీకి రావడమంటే ఈ బిడ్డ కూడా దక్కదు." నేనే దగ్గరుండి దరఖాస్తు రాయించి, సూపరింటెండెంటుతో పోట్లాడి జీతం లేని సెలవు ఇప్పించాను. ఇల్లు నడిపేది ఇక సెంటరే. "నేనున్నాను కదా ఆంటీ, చూసుకుంటాను" అన్నాడు పౌలురాజు. ఆ మాట అన్నప్పుడు ఎంత నిటారుగా నిలబడ్డాడో నాకింకా గుర్తుంది.

సెప్టెంబరులో మా తెలుగు సంఘంలో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఆదివారాల్లాగే వసంత్ కుంజ్‌లో అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో, మూడు రోజులు. కాకినాడ వైపు నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించారు. గొంతు ఖంగున మోగే మనిషి. "మీ ఇంట్లో మీది కానిది ఏముందో వెతుక్కోండి. అది బయటికి పోయేదాకా మీరు అడిగేది లోపలికి రాదు!" అని బల్ల గుద్దాడు. నా పక్క వరసలో పౌలురాజు మోకాళ్ళ మీద ఉన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండు కాన్పులు ఎందుకు పోయాయో అతనికి ఆ నిమిషంలో అర్థమైపోయిందట. సెంటర్లో ఎనిమిది దొంగ సొత్తులు పెట్టుకుని దేవుణ్ణి బిడ్డనడుగుతున్నాడన్నమాట! ఏం చెప్పను! ఇరవై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని, అది గర్భసంచి బలహీనత అని నాకు తెలుసు. చెవి పట్టుకుని ఆ మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

వాళ్ళ పైవాటాలో సుధీర్ అని హైదరాబాద్ కుర్రాడు ఉండేవాడు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మర్నాడు పౌలురాజు అతని దగ్గరికి వెళ్ళి, ఎనిమిదింటికీ అసలువి కొనాలంటే ఎలా అని అడిగాడు. జరిగిన మాటలు సుధీర్ తరవాత నాకు చెప్పాడు.

"ఇప్పుడు కొనకు అన్నా, జర ఆగు. ఆ కంపెనీ దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీగ ఇచ్చేస్తదని నెట్ల మస్తు మాట్లాడుకుంటున్రు. లైనక్స్ అని ఇంకో సిస్టమ్ ఎట్లాగూ ఫ్రీ కదా, దాంతోని పోటీ పడాలంటే ఇయ్యక తప్పదంటున్రు."

"ఎప్పుడిస్తారంటావ్ బాబూ?"

"కొందరు క్రిస్మస్ కల్లా అంటున్రు. గ్యారంటీ ఏం లేదన్నా, అంతా అందాజే."

గ్యారంటీ లేదన్న మాట పౌలురాజు చెవిన పడనే లేదు. క్రిస్మస్ అన్న మాట మాత్రం పడింది. రాత్రి ఏడ్చి అడిగితే తెల్లారేసరికి జవాబు వచ్చిందనుకున్నాడు. ఆ శనివారం తలుపు వేసుకుని ఎనిమిది కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేశాడు. దొంగ సీడీ విరిచి చెత్తలో పారేశాడు.

మా సంఘాల్లో ఒక అలవాటుంది. అడిగింది చేతికి వచ్చాక లేచి సాక్ష్యం చెప్పడం మామూలు. రాకముందే వచ్చేసినట్టు నిలబడి కృతజ్ఞత చెప్పడం గొప్ప విశ్వాసం. 'విశ్వాసంతో పొందుకున్నాం' అంటాం. వీసా రాకముందు, ఉద్యోగం రాకముందు, పెళ్ళి కుదరకముందు అలా చెప్పినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు. కొన్ని వచ్చేవి. రానివాటి గురించి ఎవరూ మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ఆదివారం పౌలురాజు లేచాడు. ఆరేళ్ళలో ఎప్పుడూ వెనక బెంచీ వదలని మనిషి మైకు పట్టుకున్నాడు. "నా సెంటర్లో దొంగ సొత్తంతా తీసేశానండి. ఆ కంపెనీ క్రిస్మస్ కల్లా అందరికీ ఉచితంగా ఇస్తోంది. నేను పొందుకున్నాను. మా బిడ్డను కూడా పొందుకున్నాను" అన్నాడు. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా హల్లెలూయ అన్నది నేనే. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ఆ వేళ నాకు తెలియదు, అడగనూ లేదు. ఫేబీ అని మా పాస్టరుగారి కూతురు మాత్రం "డాడీ, యే తో సిర్ఫ్ రూమర్ హై" అని గొణిగింది, ఇది వట్టి పుకారేనని. పాస్టరుగారు ఆమె వైపు గుడ్లురిమి చూశారు.

మంచం మీదున్న సరళకు ఈ సంగతి నా ఫోను వల్లే తెలిసింది. ఆ పిల్ల గొంతు పెద్దది చేయగా వినడం నాకదే మొదటిసారి. "కంప్యూటర్లు ఖాళీగా ఉంటే పిల్లలకేం నేర్పుతారంట ఆంటీ? గోడలు చూపిస్తారా?" మొగుడు ఇంటికి రాగానే మళ్ళీ ఎక్కించమని పట్టుబట్టింది. అతను మంచం పక్కన కూర్చుని ఒక్కటే అన్నాడట. "ఈ బిడ్డ దక్కాలనే తీశాను సరళా. ఇప్పుడు మళ్ళీ ఎక్కించి, ఏదన్నా అయితే?" ఆ భయం ఆమెకూ అంటుకుంది. రెండుసార్లు కడుపు పోయినదాన్ని ఆ మాటన్నాక ఇంకేం అడగమంటారు?

సుధీర్ జాలిపడి ఎనిమిదింటిలోనూ లైనక్స్ ఎక్కించి ఇచ్చాడు. చూడటానికి బాగానే ఉందట. కానీ పిల్లలు నేర్చుకునే లెక్కల ప్యాకేజీ అందులో నడవలేదు. వారం తిరక్కుండా తల్లిదండ్రులు వచ్చి నిలబడ్డారు. "సర్‌జీ, దఫ్తర్లలో ఇది ఎవరు వాడతారు? మా వాడి టైమ్ ఖరాబ్ అవుతోంది" అన్నాడొకాయన. మంచి మనిషే, కొడుక్కి క్లర్కు ఉద్యోగం రావాలన్న ఆత్రం. "క్రిస్మస్ దాకా ఆగండి భాయ్‌సాబ్, కంపెనీ ఫ్రీగా ఇస్తోంది" అన్నాడు పౌలురాజు. ఆయన నవ్వి కొడుకుని పక్కవీధి సెంటర్లో చేర్చాడు. దసరా నాటికి ముప్ఫై మంది పిల్లల్లో నలుగురు మిగిలారు. ఆ నలుగురూ ఆటలాడుకోవడానికి వచ్చేవాళ్ళు.

సుధీర్ కూడా చెప్పి చూశాడు. "అన్నా, నేను అన్నది వట్టి అందాజే. నువ్వు దాని మీద సంసారం పెట్టినవ్. నీ కాళ్ళు మొక్కుత, పాతదే ఎక్కియ్యి." పౌలురాజు వినలేదు. సంఘం ముందు చెప్పినమాట అది. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు భుజం తట్టి "బ్రదర్, వచ్చిందా?" అని అడిగేవాళ్ళు. వస్తోంది అనేవాడు. మనిషి చిక్కిపోయాడు. ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయినా సంఘంలో ఎవరికీ తెలియనివ్వలేదు. కనీసం నాకైనా చెప్పొచ్చు కదా! నా దగ్గర కూడా అభిమానమే.

అక్టోబరులో ఒక సోమవారం సరళ నా టేబులు ముందుకొచ్చి నిలబడింది. యూనిఫారం పొట్ట దగ్గర బిగిసిపోయి ఉంది. ఏడో నెల. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమన్నా మతి పోయిందా? ఎవరు రమ్మన్నారు నిన్ను? నడు ఇంటికి!"

"డ్యూటీ వెయ్యండి ఆంటీ" అంది. "కూర్చుని చేసేది ఏదైనా పర్లేదు. ఇంట్లో ఏమీ లేదు."

"మీ ఆయనేం చేస్తున్నాడు?"

"ఎదురు చూస్తున్నారు" అంది. ఆ మాటలో కోపం కూడా లేదు.

నా పర్సులో ఉన్నది తీసి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. చివరికి అవుట్ పేషెంట్ల దగ్గర చీటీలు రాసే కుర్చీ వేశాను. పది రోజులు బాగానే గడిచింది. తరవాత డెంగీ ముంచుకొచ్చింది. వరండాలో కూడా మంచాలు వేశారు. నా సిస్టర్లలో ముగ్గురు జ్వరంతో పడిపోయారు. సూపరింటెండెంటు నెత్తిన కూర్చుని "ఎవరున్నా సరే వార్డుకు పంపు" అంది. ఆ వారం చార్టులో సరళకుమారి పేరు ఫీమేల్ వార్డులో రాసింది నేను. ఈ చేత్తోనే రాశాను. నాలుగు రోజులే కదా, ముప్ఫై మంచాలే కదా అనుకున్నాను. అనుకోవడానికి నాకు సిగ్గు లేకపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం సెలైను సీసా మారుస్తూ కింద కూర్చుండిపోయింది. కుట్టు తెగింది. మేమంతా ఉన్నాం, థియేటరు ఒక అంతస్తు కింద ఉంది, డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. అన్నీ ఉండి కూడా ఆపలేకపోయాం. ఆడపిల్ల. కేజీ కూడా లేదు. మర్నాడు పొద్దున దాకా ఊపిరి పీల్చింది. నెత్తురు ఆగకపోతే సరళ ప్రాణం కోసం గర్భసంచి తీసేశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి పౌలురాజుకు పెన్ను ఇచ్చింది కూడా నేనే. ఎక్కడ పెట్టాలో కనబడక రెండుసార్లు అడిగాడు.

పాపను పాతిపెట్టి వచ్చిన వారానికి పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు పడ్డాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా ఇచ్చే ఆలోచన తమకు లేదు, వినబడుతున్నవన్నీ ఊహాగానాలే అని ఆ కంపెనీ చెప్పిందట. సుధీర్ ఆ పేపరు పట్టుకుని మెట్లు దిగి, తలుపు దాకా వెళ్ళి, చూపించే ధైర్యం లేక తిరిగి పైకి పోయాడు. పౌలురాజు అప్పటికే చదివాడు.

నవంబరులో మూడు ఆదివారాలు వాళ్ళిద్దరూ సంఘానికి రాలేదు. 'వచ్చిందా బ్రదర్' అని అడిగినవాళ్ళలో ఒక్కరూ ఆ ఇంటికి వెళ్ళలేదు. నేను వెళ్ళాను. కసరడానికే వెళ్ళాను, నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. సెంటర్ తలుపు తీసి ఉంది. పౌలురాజు ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని సీడీలు ఎక్కిస్తున్నాడు. నెహ్రూ ప్లేస్ పేవ్‌మెంటు సీడీలు, కవరు మీద పెన్నుతో రాసినవి. సరళ పక్కనే స్టూలు మీద కూర్చుని అడిగినప్పుడల్లా ఒకటి అందిస్తోంది. అప్పటికే ఐదు కంప్యూటర్లు అయిపోయాయి.

"ఏవయ్యా పౌలురాజూ" అన్నాను. "ఇవి..."

"దొంగవే ఆంటీ" అన్నాడు తల తిప్పకుండా. "ఇప్పుడైతే ఏమయింది? ఇక మేం దేవుణ్ణి అడగాల్సింది ఏముంది?"

సరళ ఆరో కంప్యూటర్‌కు సీడీ అందించింది.