తెర వెనక నది

"నా తెరకి మేకు దిగిందంటే, ఆ తర్వాతి మేకు నీ చొక్కాకి దిగుతుంది బాబూ!" అంది కుట్టుపనామె.

ప్రదర్శన పెట్టిన అబ్బాయి సుత్తి పట్టుకుని, మేకులు కొట్టకపోతే అంచుల్లోంచి వెలుతురు దూరుతుందన్నాడు. పేరుమోసిన చిత్రకారుడొకాయన పూర్వం కాపురమున్న పాత మేడ అది. ఇప్పుడు గదులన్నీ చీకటి చేసి, ఆయన బొమ్మల్ని యంత్రాలతో వెలుగుబొమ్మలుగా చేసి గోడల నిండా, తెరల మీదా పారిస్తున్నారు. కిటికీలకు తెరలు కుట్టింది ఈమె. ముందు తెల్లగుడ్డ, వెనక నల్ల అస్తరు, కింది అంచులో బరువుకి ఇసుక.

"వెలుతురు దూరితే అప్పుడు మాట్లాడు" అంది. దూరలేదు. సుత్తి పెట్టెలోకి పోయింది.

భోజనం డబ్బా తెచ్చి గుమ్మంలో నిలబడ్డ వదిన, అంటే ఆమె మొగుడి అక్కగారు, ఆ తగువంతా కళ్లారా చూసింది. నోరంటే అదీ అనుకుంది. పైకి అంటే లోకువైపోనూ!

ఆ మేడ గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. ఒకరోజు కుట్టుపనామె తెర వెనక ఆ గూట్లో కూర్చుని ఊడిన కుట్టు వేస్తుంటే ఉక్కపోసింది. కిటికీ రెక్క తోసింది. మేడ వెనక చీకటి సందులోంచి గాలి వచ్చి తెరని ఊపింది.

"అమ్మో, నది కదిలింది!" అన్నారెవరో తెర అవతల.

అప్పుడు తెర మీద చిత్రకారుడి నది పడుతోంది. మేకులు కొట్టి ఉంటే ఆ నది చచ్చినా కదిలేది కాదు.

అప్పట్నుంచీ అదే ఆమె కొలువైంది. రెక్కకి గడియ లేదు, వదిలితే దానంతటదే మూసుకుంటుంది. యంత్రంలో నీళ్ల చప్పుడు మొదలవగానే తీసి పట్టుకునేది. అస్తరు ముఖాన్ని మెత్తగా తాకి వెనక్కి పోయేది. కళ్లు మూసుకుంటే తాను నది అడుగున కూర్చున్నట్టు, తలమీదుగా జనం పడవల్లో పోతున్నట్టు ఉండేది. ఇంట్లో మిషను తొక్కుతున్నా ఒళ్లోని గుడ్డ నీళ్లలా జారేది.

రేపటితో ప్రదర్శన ఆఖరు. తెరలు విప్పేస్తారు.

"ఊరంతా చూసింది వదినా, నా నదిని. నేను తప్ప."

"చూడవే, ఎవరొద్దన్నారు?"

"నేను ముందుకొస్తే రెక్క మూసుకుంటుంది. నది ఆరేసిన దుప్పటైపోతుంది."

"ఆ సుత్తి అబ్బాయిని పట్టుకోమను."

"వాడు గుభాలున తోస్తాడు. నదిని కాస్తా సముద్రం చేస్తాడు."

వదిన మూతి తిప్పింది. "అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"రేపు ఒక్కసారి నువ్వు గూట్లో కూర్చో వదినా. నీళ్ల చప్పుడు వినగానే రెక్క మెల్లిగా తీసి పట్టుకో. నేను జనంలో కూర్చుంటాను. తగువుకి రాలేదు, బతిమాలుతున్నాను."