శేషాద్రిగారి కాలేయం

బంగారు గనులు మూతపడి పదేళ్ళు దాటాక, ఒక వానాకాలం మొదట్లో నన్ను కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కు బదిలీ చేశారు. పాత గని కార్మికుల కాలనీల నడుమ ఉన్న ఒక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిని. మాది చిత్తూరు వైపు కనుక అక్కడి తెలుగు జనంతో మాటకు ఇబ్బంది ఉండదని పైవాళ్ళు నన్ను ఎంచుకున్నారట. అవి దోమల రోజులు, విరేచనాల రోజులు. చేరిన నాటి నుంచే ఊపిరి సలపలేదు.

ఆ కేంద్రంలో నా తరువాతి స్థానం సీనియర్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ శేషాద్రిగారిది. ఆయన వయసులో నాకంటే పెద్ద, హోదాలో కింద. ఇలాంటి చోట కొత్త డాక్టరు నేర్చుకోవలసిన మొదటి విద్య ఇన్‌స్పెక్టరుతో గొడవ పెట్టుకోకపోవడం. ఆయన పని ఆస్పత్రిలో ఉండదు, ఫీల్డులో ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఉన్నవారి రక్తపు చుక్క గాజుపలక మీద తీయాలి. తొట్లలో దోమపిల్లలు వెతకాలి. నీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపించి, కుళాయి నీటిలో క్లోరిన్ సరిపడా ఉందో లేదో చూసి, ఈ నీళ్ళు తాగవచ్చునని చెప్పాలి. వీటికి తోడు శేషాద్రిగారు సొంత ఇష్టంతో తాగుడు మాన్పించే సభలు పెట్టేవారు. గనులు పోయాక పని లేక మందుకు అలవాటుపడిన మగవాళ్ళకు, గోడకు పటం వేలాడదీసి, కాలేయం ఎలా చెడుతుందో చూపించేవారు. ఆయన మాట చుట్టుపక్కల ఊళ్ళలో, బూదికోట దాకా చెల్లేది.

ఆ ఏడు సిబ్బంది అందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించాం. శేషాద్రిగారి రక్తంలో కాలేయపు ఎంజైములు ఎక్కువగా వచ్చాయి. కామెర్ల వైరస్‌లేమో అని చూస్తే అవేవీ లేవు. స్కానింగుకు పంపాను. స్కానులో మామూలు కాలేయం పక్కనున్న మూత్రపిండం మాదిరిగానే బూడిద రంగులో కనిపిస్తుంది. కొవ్వు పడితే తెల్లగా మెరుస్తుంది. ఆయనది తళతళలాడింది. ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష కోసం బెంగళూరు పంపితే, గట్టిపడటం మొదలైందని తేలింది. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళలో అది సిర్రోసిస్ కావచ్చు. స్కానింగు చేసిన డాక్టరు నాకు ఫోను చేసి, మీ ఇన్‌స్పెక్టరు రోజుకు ఎంత పుచ్చుకుంటారని చాలా మర్యాదగా అడిగాడు.

నేనూ అదే అడిగాను. “పుట్టినప్పటి నుంచి చుక్క ముట్టలేదు మేడమ్. కాఫీలో చక్కెర కూడా మానేసినాను,” అన్నారు శేషాద్రిగారు. తాగుడు విషయంలో రోగి చెప్పిన లెక్కను రెండింతలు చేసుకోమని మాకు చదువులో నేర్పారు. సున్నాను రెండింతలు చేస్తే ఏం వస్తుందో నేర్పలేదు.

ఈలోగా కబురు కాలనీకి చేరిపోయింది. సభల్లో ఆయన చేత చీవాట్లు తిన్న మగవాళ్ళకు పండుగైంది. పటంలో ఉన్న లివరు సారుదేనంట అని టీ కొట్టు దగ్గర చెప్పుకుని నవ్వారు. నాకు ఆయన మీద అనుమానం పూర్తిగా పోలేదు, జాలి మాత్రం కలిగింది. తనిఖీ పేరుతో ఆయన వెంట ఫీల్డుకు బయలుదేరాను.

మొదట మునెమ్మగారి ఇంటికి వెళ్ళాం. ఆవిడ భర్త గనిలో పని చేసి, గని పోయాక తాగి తాగి పోయాడు. శేషాద్రిగారి సభలకు ఆడవాళ్ళను పోగు చేసేది ఆవిడే. నాకు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఆయనకు కొట్టు నుంచి కూల్ డ్రింక్ సీసా తెప్పించి, మూత తీయకుండా ముందు పెట్టారు. ఆయనే మూత తిప్పి, అడుగు దాకా తాగారు. పక్క ఇంట్లో ఇంకో సీసా. ఆ పక్క వీధిలో మరొకటి. పూట గడిచేసరికి నా కాఫీలూ ఎక్కువే అయ్యాయి కానీ, ఆయన సీసాల ముందు అవి ఏపాటివి?

ఆయన తొట్లు చూడటానికి వెళ్ళినప్పుడు మునెమ్మగారిని అడిగాను, సారుకు కాఫీ ఎందుకివ్వరని. “సారు మా ఇండ్లలో నీళ్ళు తాగరు గదమ్మా. సీసా అయితే ఎవురి చేయీ తగలదు. ఇన్నేండ్లుగా ఇట్లే జరిగిపోతా ఉండాది,” అన్నారు. గొంతులో కోపం లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తిరిగి వస్తూ జీపులో ఆయన్ను అడిగేశాను. “వద్దంటే వాళ్ళ మనసు నొచ్చుకుంటాది మేడమ్. అందుకే మిగల్చకుండా తాగుతాను,” అన్నారు. ఇరువైపులా మర్యాదకు లోటు లేదు. ఆ మర్యాదను ఏళ్ళ తరబడి మోసింది ఆయన కాలేయం.

చక్కెరలో సగభాగం దాదాపు నేరుగా కాలేయం మీదే పడుతుందనీ, వాడుకోగా మిగిలినదాన్ని అది కొవ్వుగా మార్చుకుంటుందనీ ఆయనకు చెప్పాను. తీపి నీళ్ళతో కడుపు నిండదు కనుక ఎంత తాగామో తెలియదు. వాసన రాదు, తూలడం ఉండదు, ఇంట్లో రభస జరగదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు మానేస్తే కాలేయం చాలావరకు కోలుకుంటుందని కూడా చెప్పాను.

ఆయన భార్య బడిలో పంతులమ్మ. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి, ఆయన ఎప్పటి నుంచి తాగుతున్నారో దాచకుండా చెప్పమన్నారు. కూల్ డ్రింకుల సంగతి చెప్పాను. “చిన్నపిల్లోళ్ళు తాగే దానికి లివరు చెడిపోతాదా? ఆయన్ను మీరు వెనకేసుకొస్తా ఉండారు,” అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

శేషాద్రిగారు కూల్ డ్రింకులు మానేశారు. వాటి బదులు డబ్బాలో వచ్చే మామిడి రసం పుచ్చుకోవడం మొదలుపెట్టారు. మామిడితోటల శ్రీనివాసపురం పక్కనే ఉంటూ మామిడికి భయపడటమేమిటని ఆయన వాదన. కొన్ని నెలల తరువాత పరీక్షిస్తే ఎంజైములు అంగుళం కదలలేదు. డబ్బా మీది అక్షరాలు ఆయన చేతే చదివించాను. నీళ్ళూ చక్కెరా ముందుండి, మామిడి వెనక ఎక్కడో ఉంది.

అప్పుడు ఇంటి నుంచి ఫ్లాస్కులో నీళ్ళు తెచ్చుకోసాగారు. వైద్యపరంగా నేను తప్పు పట్టలేకపోయాను. కానీ ఆ తరువాతి సభకు ఒక్క ఆడమనిషీ రాలేదు. జ్వరాల సర్వేకు వెళితే తలుపులు తీయడం మానేశారు. మునెమ్మగారు ఆస్పత్రికి వచ్చి నాతో చెప్పారు. “సీసా అయితే మేము మర్యాద చేసినట్టు ఉండె, ఆయన తీసుకున్నట్టు ఉండె. ఇంటి నీళ్ళు మోసుకొచ్చి మా వాకిట్లో తాగితే ఇంగ మా మొగాలు యాడ పెట్టుకోవాల? ట్యాంకులో మందేసి ఈ నీళ్ళు మంచివని చెప్పేది ఆయనే గదమ్మా. మంచివి మాకు మాత్రమేనా?”

ఈ మాటలను ఒక్కటీ తగ్గించకుండా శేషాద్రిగారికి చేరవేశాను. సీసా పట్టుకుంటే కాలేయం పోతుందనీ, ఫ్లాస్కు పట్టుకుంటే ఉద్యోగంలో ఇన్నేళ్ళు సంపాదించిన పేరు పోతుందనీ చెప్పాను. ఆ తరువాతి వారం ఇద్దరం మునెమ్మగారి ఇంటికి వెళ్ళాం. ఆయన చేతిలో ఫ్లాస్కు లేదు. నాకు కాఫీ వచ్చింది. ఆయనకు ఆవిడ ఏమీ తెప్పించలేదు. కాసేపు ఆయన బయట ఆగిన జీపు వైపే చూస్తూ కూర్చున్నారు.

“అమ్మా, కొంచెం నీళ్ళిస్తావా,” అన్నారు చివరికి.

ఇది డాక్టరు ఉత్తర్వా అన్నట్టు మునెమ్మగారు నా వైపు చూశారు. నేను కాఫీ గ్లాసులోకి చూశాను. ఆవిడ శుభ్రంగా ఉన్న చెంబునే మళ్ళీ తోమి, నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆయన దాన్ని పైకెత్తి, పెదవి తగలకుండా గొంతులో పోసుకున్నారు. సగం చొక్కా మీద పడ్డాయి. ఆయన అంతవరకే రాగలిగారు. కాలేయానికి అది చాలు.

ఆ మీదట ప్రతి ఇంటా నీళ్ళే. సభలకు ఆడవాళ్ళు మళ్ళీ రాసాగారు. ఏడాదిన్నర తరువాత ఎంజైములు మామూలుకు వచ్చాయి. కాలేయపు బిగుతు తగ్గిందని బెంగళూరు నుంచీ కబురు వచ్చింది. నాకు నిజంగా సంతోషమైంది. ఇంట్లో ఏం చెప్పారని అడిగాను. నీళ్ళ సంగతి తెలిస్తే ఆవిడ వంటింట్లోకి రానివ్వరని ఆయన భయం.

“మందు మానేసినానని చెప్పినాను మేడమ్,” అన్నారు.

భార్య నమ్మారట. క్షమించి, ఆ రోజు పాయసం చేశారట.

రోగి ఏం తాగుతాడో అడగమని మాకు చదువులో నేర్పారు. ఎవరి ఇంట తాగడో అడగడం నేను కె.జి.ఎఫ్.లో నేర్చుకున్నాను. పదవీ విరమణ దాకా ఆ రెండు ప్రశ్నలూ అడుగుతూనే వచ్చాను. మొదటిదానికి చాలామంది నిజమే చెప్పేవారు.