జోడీ లేని పిల్లకు జోడీగా కూర్చున్న ఖలీల్ సార్

నిన్న పొద్దున తొమ్మిదిన్నరకు ఖలీల్ సార్ నంబర్ నుంచి ఫోన్.

ఎత్తగానే నేనే అందుకున్నాను. "ఏంది సార్, మళ్ల బస్సు పోయిందా? పిల్లలు ఆగుతలేరు ఇక్కడ."

అవతల వాళ్ల తమ్ముడు.

"మేడం, అన్న పోయిండు. ఛాతీల నొప్పని వనపర్తి దవాఖానకు తీస్కపోతుంటే దారిలనే..."

ఫోన్ పెట్టేశాక కూడా గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన మీద అరిచాను కదా, ఆ సిగ్గే ముందు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆత్మకూరు దగ్గర ఒక చిన్న ఊళ్లో మా ప్రైమరీ స్కూల్. టీచర్ని నేనొక్కదాన్నే. ఖలీల్ సార్‌ది కొత్తకోట. హైవే పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపేవారు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక అది మూతపడింది. మిగిలిన రెండు కంప్యూటర్లను ఆటోలో వేసుకుని, ఎవరూ పిలవకుండానే మా బడికి వచ్చారు.

"ఒకటి, రెండు తరగతుల పిల్లలకు నేర్పిస్త మేడం. జీతం గీతం వద్దు."

నేనేమో నా నోటి దురుసు కొద్దీ "ముక్కు తుడుచుకోవడం రానోళ్లకు మౌస్ ఎందుకు సార్?" అన్నాను.

"ముక్కు మీరు నేర్పించుర్రి. మౌస్ నేను నేర్పిస్త."

అట్లా మొదలైంది.

ఆయన పద్ధతి ఆయనది. వంతులవారీగా, ఒక మౌస్‌కు ఇద్దరు పిల్లలు. ఒకరు మౌస్ పట్టుకోవాలి. ఇంకొకరు చేతులు వెనక్కి కట్టుకుని, ఏం చేయాలో నోటితో చెప్పాలి. తర్వాత మార్చుకోవాలి. లాక్కోవడాలు, కొట్టుకోవడాలు వారంలో బంద్ అయ్యాయి.

కానీ పిల్లలు పదకొండు మంది. ఎప్పుడూ ఒకరు మిగిలిపోతారు.

మిగిలేది శిరీష. రెండో తరగతి. అమ్మానాన్న పుణెలో కూలి పనికి పోయారు, ఇక్కడ అవ్వ దగ్గర ఉంటుంది. ఎవరితోనూ కలవదు. సారే చేతులు వెనక్కి కట్టుకుని ఆ పిల్లకు జోడీగా కూర్చునేవారు. ఆ బుల్లి స్టూలు మీద, అంత పెద్ద మనిషి!

శిరీష అంటే గుర్తొచ్చింది, ఒకటి చెప్పాలి.

ఒకసారి సార్ పిల్లలకు ఓటీపీ గురించి చెప్పారు. ఫోన్‌లో వచ్చే నంబర్ ఎవరు అడిగినా చెప్పొద్దని పది సార్లు అనిపించారు. మర్నాడే వాళ్లింటికి గ్యాస్ సిలిండర్ వచ్చింది. డెలివరీ అతను నంబర్ అడిగాడు. అవ్వకు చదవరాదు. చదవడం వచ్చిన శిరీషేమో ఫోన్ పట్టుకుని తలుపు చాటుకు పోయి నిలబడిందట. ఎంత బతిమిలాడినా చెప్పలేదు. సిలిండర్ వచ్చిన బండిలోనే వాపస్.

అవ్వ బడికొచ్చి లొల్లి లొల్లి.

"ఏంది సారూ నీ సదువు! పొయ్యి మీద గ్యాస్ లేకుంట చేస్తివి!"

సార్ నవ్వలేదు. "తప్పు నాదే అవ్వా. ఎవ్వరికి చెప్పొద్దో చెప్పిన గని, ఎవ్వరికి చెప్పాల్నో చెప్పలే" అన్నారు.

ఊళ్లో ఎవరిదో బండి అడుక్కుని, కొత్తకోట బస్సు వదిలేసుకుని, ఆత్మకూరు పోయి సిలిండర్ తెచ్చి ఇంట్లో దింపారు. పోతూ పోతూ శిరీషతో "నువ్వు చేసింది కరెక్టే బేటా" అన్నారు. మరుసటి వారం ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

నాకు కూడా నేర్పిస్తానని చాలాసార్లు అన్నారు. "జర కూసోర్రి మేడం" అనేవారు.

రిజిస్టర్లు రాసేది ఉందని తప్పించుకునేదాన్ని. అబద్ధం. రెండో తరగతి పిల్లల ముందు తప్పు చేస్తే పరువు పోతుందని భయం. ఆయనకు తెలుసు. ఒక్కనాడూ బయటపెట్టలేదు.

రంజాన్‌లో రోజా ఉపవాసం ఉండి కూడా లంచ్ టైమ్‌లో నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎందుకు సార్ అంటే, "ఒక్కరే కూసొని తింటే అన్నం దిగదు మేడం" అనేవారు. నా రూములో నేను రోజూ రాత్రి ఒక్కదాన్నే తింటానని ఆయనకు ఎప్పుడో చెప్పానేమో.

నిన్న పిల్లలకు అన్నం పెట్టించి, ఇళ్లకు పంపి, కొత్తకోట పోయాను. ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుని "రోజూ మీ బడి ముచ్చటే" అంది.

ఈరోజు బడికి వెళ్లాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

కంప్యూటర్ పీరియడ్‌కు పిల్లలు ఎవరూ చెప్పకుండానే పోయి జోడీలుగా కూర్చున్నారు. శిరీష ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడింది.

"క్లాస్ లేదు, ఆడుకోపోండి" అనే మాట నోటి దాకా వచ్చింది. ఈరోజు అలా అంటే రేపు కూడా అదే అంటాను, నా సంగతి నాకు తెలుసు. నెల తిరిగేసరికి ఆ కంప్యూటర్ల మీద బియ్యం సంచులు పెడతాం.

పోయి ఆ స్టూలు మీద కూర్చున్నాను.

"నాకు రాదే శిరీషా" అన్నాను. పదకొండు మందీ విన్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు.

శిరీష వచ్చి నా పక్కన కూర్చుని చేతులు వెనక్కి కట్టుకుంది.

"నువ్వు పట్టుకో మేడం. నేను చెప్త."

చెప్పింది. స్క్రీన్ మీద ఒక ఎర్ర గీత గీశాను. వంకరటింకరగా వచ్చింది. అయినా ఎంత సంతోషమో! సార్‌కు చూపిద్దామని వెనక్కి తిరిగాను.

తలుపు దగ్గర ఎవరూ లేరు.

రేపటి క్లాస్ కూడా పెడతాను సార్. మీ అంత బాగా రాదు, కానీ పెడతాను.

పోయి రండి ఖలీల్ సార్. ఆ అల్లా మిమ్మల్ని తన నీడలో చల్లగా ఉంచాలి.