ఎండుచేపల పక్కన నా సత్యాగ్రహం

ఆ రోజుల్లో సముద్రం ముందు ఎవరైనా గోడ కడతారంటే మేం పడీపడీ నవ్వేవాళ్ళం. రాజాంలో కిరాణా కొట్టు వాళ్ళ పిల్లలం, ఆదివారం వస్తే బస్సెక్కి కళింగపట్నంలో దిగిపోయేవాళ్ళం. ఓసారి నాకు ఈతొచ్చని స్నేహితుల దగ్గర కోతలు కోసి (వచ్చినవి ఆ కోతలే) లోపలికి నడిచాను. పెద్ద అల ఒకటి బోర్లా పడేసింది. తేరుకునేసరికి నేనున్నాను, లుంగీ లేదు! పీకల్లోతు నీళ్ళలో బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, ఒడ్డున చేపలు ఎండేస్తున్న ఒక అప్ప (మావైపు అక్కని అలాగే పిలుస్తాం) పొట్ట పట్టుకుని నవ్వి, తన పాతచీర విసిరింది. "కట్టుకోరా పెళ్ళికూతురా! సముద్రం పట్టుకెళ్ళింది మరి రాదు." ఆ చీరతోనే రాజాం బస్సెక్కాను. కండక్టరు నవ్వాపుకోలేక ఆడవాళ్ళ సీటు చూపించాడు.

ఇన్నేళ్ళకి మొన్న మా ఆవిణ్ణి తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఒడ్డు పొడుగునా ఏదో రిసార్టు గోడ. గోడ పక్కన ఒక ముసలామె పట్టా మీద నెత్తళ్ళ చేపలు ఎండేస్తే, సెక్యూరిటీ అతను కాలితో తోసేస్తున్నాడు. "కంపు కొడతన్నాదని టూరిస్టులు కంప్లైంట్లు సేస్తన్నారు. తీసీ!" ఆమె తలెత్తింది. ఆనాడు నాకు చీర విసిరిన అప్ప! నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రానికొచ్చి చేపల వాసనంటారా? వంటింట్లోకొచ్చి పోపు ఘాటన్నట్టు!

"కాలు తియ్యరా!" అని అరిచాను.

"మీరెవరు?"

"టూరిస్టుని! నాకు కంపు కొట్టట్లేదు. అది కూడా సెప్పు మీవోళ్ళకి!"

ఆ కోపంలోనే చేపల పక్కన ఇసకలో చతికిలబడ్డాను. ఇవి ఎండేదాకా లేవనన్నాను. మా ఆవిడ, "అందరూ సూస్తన్నారండీ" అని తలకొట్టుకుంది. అతను ఎవరికో ఫోన్ చేసి, గొణుక్కుంటూ గోడ నీడకి పోయాడు.

అప్ప నన్ను గుర్తుపట్టలేదు. "ఏటి బాబూ, రేపు ఆడు మళ్ళీ వొస్తాడు. రోజూ నువ్వొచ్చి కూకుంటావేటి?" అంది. ఆ మాటకి కోపం ఇంకా పెరిగి, చేపల దగ్గరికి ఇంకాస్త జరిగి కూర్చున్నాను.

సాయంత్రానికి చేపలు ఎండాయి. అప్ప బుట్టకెత్తుకుంది. నేను లేవబోతే మోకాళ్ళు బిగుసుకుపోయాయి. అప్ప ఒక చెయ్యి, మా ఆవిడ ఒక చెయ్యి పట్టుకుని లాగినా కదల్లేదు. చివరికి ఆ సెక్యూరిటీ అతనే వచ్చి, "జాగర్త పెద్దాయనా" అంటూ చంకల్లో చేతులేసి ఎత్తాడు. అతని మెడకి వేలాడుతూనే అతన్ని తిట్టాను. వయసులో ఉన్నప్పుడు కోపమొస్తే నేనే లేచేవాణ్ణి. ఇప్పుడు కోపం ఒక్కటే లేస్తోంది.