ఓదేలన్న బిళ్ల

ఇత్తడి బిళ్ల. నా మెడలో ఉన్న పుస్తె కన్నా కాస్త పెద్దది, అంతే. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టు కూడా తెలియదు. దాన్ని ఇన్నేళ్లు మోశాను. మోసీ మోసీ అలిసిపోయాను.

ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లదు. నా పేరు అడగకు. గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరైన ఒకాయన పెళ్లాన్ని, అంతవరకు చాలు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. ఇంకో సంగతి కూడా ముందే చెప్తున్నాను. నాకు నోరెక్కువ. వాడకట్టులో ఎవర్నడిగినా చెప్తారు. అంత నోరున్న నేను ఒక్క మాట చెప్పలేకపోయాను.

మా ఆయన బాయిలో హాలేజీ నడిపేవాడు. బొగ్గు డబ్బాలను తాడుతో పైకి లాగే మిషన్ అది. ఆ డబ్బాలు నడిచే పట్టాలు వేసేది ఓదేలన్న. ఇద్దరివీ కమాన్‌పూర్ దిక్కు పక్కపక్క ఊళ్లు, ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఓదేలన్న నన్ను చెల్లె అని పిలిచాడు, దాంతో మా ఆయన ఆయనకు బావ అయ్యాడు. రక్తసంబంధం ఏమీ లేదు. కానీ మా ఆయన నవ్వాలంటే ఓదేలన్న పక్కన ఉండాలి.

రిటైరైన రోజు మెడలో దండతో ఇంటికొచ్చిన మా ఆయన్ని చూసి నేను ఏమనుకున్నానో తెలుసా? ఇక ఈ మనిషి నావాడు అనుకున్నాను. పెళ్లైన దగ్గర్నుంచి ఆయన నాకు దొరికింది ఎప్పుడు? అయితే బాయిలో ఉండేవాడు, లేకపోతే ముసుగు తన్ని పడుకునేవాడు. పిల్లల్ని సైతం ష్, నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చిండు అని నోరు నొక్కి పెంచాను. ఇక సాయంత్రాలు ఇద్దరం కూర్చుని చాయ్ తాగుతాం, ఏదో ఒకటి మాట్లాడుకుంటాం అని ఆశ పడ్డాను. ఏం మాట్లాడుకుంటామో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. నవ్వొస్తోంది కదూ?

ఆ తర్వాత కొన్నాళ్లకే ఓదేలన్న కూడా రిటైరయ్యాడు. ఒక సాయంత్రం చూస్తే ఇద్దరూ మా పెరట్లో నిలబడి, జాగా కొనేవాళ్లలా నేలను కొలుస్తున్నారు. జామచెట్టు దగ్గర మలుపు తిప్పాలట. ఏం మలుపో నాకర్థం కాలేదు. మర్నాడు నా బచ్చలి మడి పోయింది. ఆ తర్వాత కొత్తిమీర పోయింది. పాత ఇనుము కొట్టు నుంచి సన్నని పట్టీలు, వడ్రంగి దగ్గర్నుంచి టేకు ముక్కలు వచ్చాయి. నూనె డబ్బా రేకు కత్తిరించి ఇంజను చేశారు. దాని కడుపులో కారు అద్దాలు తుడిచే మోటారు పెట్టారు. దానికి పాత స్కూటర్ బ్యాటరీ కలిపారు. పిల్లల రైలు కాదు సుమా, ఇద్దరు తాతల రైలు. జానెడు ఎత్తు ఇంజను, వెనకాల బొగ్గు డబ్బాలు, డబ్బాల్లో నిజం బొగ్గు పలుకులు. పగిలిన కుండ మెడ సొరంగమైంది. స్నానాల గది నుంచి పారే మోరీని గోదావరి అన్నారు, దాని మీద వంతెన కట్టారు. నేను బట్టలుతికే బండ జ్యోతినగర్. కరెంటు అక్కడే పుడుతుందట, బొగ్గు అక్కడ దింపాలట. జ్యోతినగరంతా సబ్బు నురగ!

తిట్టాను. రోజూ తిట్టాను. కానీ నీకు నిజం చెప్పాలి కదా, వంటింటి కిటికీలోంచి దొంగచాటుగా చూసేదాన్ని కూడా. పొద్దుగూకే వేళ, బొగ్గు దుమ్ములోంచి వచ్చే ఆ ఎర్రటి వెలుగులో, పసుపు మొక్కల ఆకుల కింద నుంచి ఆ రైలు వచ్చేది. ముందు దాని దీపం కనిపించేది, తర్వాత సన్నగా కిరకిరమనే చప్పుడు. ఆకులు కదిలేవి, మళ్లీ సర్దుకునేవి. అప్పుడు నా పెరడు నా పెరడులా ఉండేది కాదు, ఎక్కడో చాలా దూరాన, నేను చూడని ఊళ్లు దాటుతున్నట్టు ఉండేది. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. కలల్లో నేను ఆ డబ్బాలో కూర్చుని పోయేదాన్ని, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, జామాకులు నెత్తికి తగులుతుంటే. ఎవరూ నన్ను దిగమనేవాళ్లు కాదు.

ఇక బిళ్ల సంగతి. మా వాళ్ల బాయిలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి మనిషికీ ఒక బిళ్ల, బోర్డు మీద దానికో మేకు. లోపలికి దిగేటప్పుడు బిళ్ల తీసుకుని జేబులో వేసుకుంటారు. పైకి వచ్చాక మళ్లీ మేకుకు తగిలిస్తారు. షిఫ్టు అయిపోయాక మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. డ్యూటీకి వచ్చేసరికే మేకుకు బిళ్ల లేకపోతే దానర్థం వేరు. ఆఫీసువాళ్లు బిళ్ల ఆపారు, ఈ మనిషికి ఇవాళ పని లేదు అని. ఎంత మొనగాడైనా ఆ ఖాళీ మేకు చూస్తే మారుమాట్లాడకుండా వెనక్కి తిరగాల్సిందే.

ఈ ముసలివాళ్లిద్దరూ ఆ ముచ్చట కూడా తెచ్చి మా పెరటి తలుపుకు తగిలించారు. రెండు మేకులు, రెండు ఇత్తడి బిళ్లలు. ఒకదాని మీద మా ఆయన పేరు, ఒకదాని మీద ఓదేలన్న పేరు, మొలతో గీసినవి. ఓదేలన్న వచ్చి తన బిళ్ల జేబులో వేసుకుంటేనే రైలు కదలాలి. ఒక సైకిల్ గంట కూడా పెట్టారు. రెండు గంటలు కొడితే బయల్దేరు, ఒక గంట కొడితే ఆగు. బాయిలో ఉన్నట్టే.

ఒకరోజు జామచెట్టు మలుపులో రైలు మాటిమాటికీ పడిపోయింది. తప్పు పట్టాలదని ఈయన, ఇంజనుదని ఆయన. మా ఆయనకు ముక్కు మీదే కోపం. ఏదో అన్నాడు. ఓదేలన్న బిళ్ల మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. అది పోట్లాటే కాదు. మర్నాటికి ఇద్దరికీ గుర్తుండేది కూడా కాదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన నిద్రపోతున్నాడు. బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లాను. వస్తూ వస్తూ ఆ బిళ్లను మేకు మీంచి తీశాను. కొంగులో ముడివేశాను.

ఎందుకు తీశాను? బచ్చలి మడి కోసమా? రోజూ పెట్టే చాయ్‌ల కోసమా? చాలా కాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఒక్క సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం మా ఆయన నా దగ్గర కూర్చోవాలని తీశాను అని కూడా చెప్పుకున్నాను, అది కొంచెం మర్యాదగా ఉంది కాబట్టి. అసలు సంగతి అదీ కాదు. ఈర్ష్య. ఆయన ఓదేలన్నతో నవ్వినట్టు నాతో ఎన్నడూ నవ్వలేదు. నా ఒళ్లు మండిపోయింది.

ఓదేలన్న ఎప్పటిలాగే వెనక గల్లీలోంచి వచ్చాడు. తలుపు దగ్గర చెయ్యెత్తాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

"చెల్లె, నా బిళ్ల లేదేంది?"

"నాకేం తెల్సు అన్నా."

"బావ తీసిండా?"

కాదు అనొచ్చు. నేనే తీసిన, ఉట్టిగనే పరాచికం అని నవ్వేయొచ్చు. నా నోటికి అదొక లెక్కా? కానీ, "ఏమో అన్నా. నిన్నటి సంది ఆయన మొకం మంచిగ లేదు" అన్నాను. అబద్ధం కాదు చూడు. మా ఆయన మొహం ఎన్నడు మంచిగుంది గనుక!

"గట్లనా" అన్నాడు. కాసేపు ఆ మేకునే చూశాడు. "పండుకున్నడా?"

"పండుకున్నడు."

"లేపకు చెల్లె. ఎన్నేండ్ల నిద్రనో, పండనియ్యి."

వెళ్లిపోయాడు. కొంగు ముడి నా కడుపుకు తగులుతోంది. ఇంత తేలికా అనిపించింది.

సాయంత్రం మా ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. ఖాళీ మేకు చూశాడు. ఆయన లెక్కలో అది ఇంకోలా వచ్చింది. "బిళ్ల గూడ తీస్కపోయిండు సూసినవా? గంత కోపమా?" అన్నాడు. అప్పుడన్నా చెప్పాలి కదా. చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను. ఆ సాయంత్రం ఆయన నా దగ్గర కూర్చున్నాడు. నేను కోరుకున్నదే కదా! చాయ్ చల్లారిపోయేదాకా వెనక గల్లీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

బిళ్ల ఆపినోడే పిలవాలి కదా అని ఓదేలన్న. బిళ్ల పట్టుకుపోయినోడే రావాలి కదా అని మా ఆయన. ఇద్దరూ బాయి మనుషులు, ఆ లెక్క దాటి ఇంకోలా ఆలోచించరని నాకు తెలుసు. చౌరస్తాలో ఎదురుపడితే ఒకరు మందుల షాపు వైపు, ఇంకొకరు సోడాబండి వైపు చూసేవాళ్లట. నేను బిళ్లను పోపుల డబ్బాలో ఆవాల కింద దాచాను. పోపు పెట్టినప్పుడల్లా వేలికి తగిలేది. రేపు చెప్తాను అనుకునేదాన్ని. రేపు అనేది ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. నెలలు పోయాయి. తర్వాత ఏళ్లు.

ఇంతవరకు చెప్పింది చిన్న తప్పు. పెద్దది ఇప్పుడు చెప్తాను.

ఓదేలన్నకు ఛాతీ పాడైంది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపేశారు. వాళ్ల ఇల్లు మా వెనక గల్లీలోనే. ఆయన భార్య లచ్చక్క కూరగాయల బండి దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "వదినె, పొద్దుమూకంగనే కిటికీ తెరువుమంటడు. మీ రైలు సప్పుడు ఇనస్తదా, గంట ఇనస్తదా అని చెవి పెడ్తడు" అంది. ఒక్క మాట చెప్తే మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాడు. అది నాకు తెలుసు. దారి పొడుగునా ఆ మాటను నోట్లో తిప్పుకుంటూనే వచ్చాను. ఇంటికొచ్చాను. చెప్పలేదు.

బదులుగా ఏం చేశానో విను. "ఇయాల రైలు నడుపవా?" అని అడిగాను. ఆయన వింతగా చూశాడు. అయినా లేచి నడిపాడు. రైలు పసుపు ఆకుల కింద నుంచి వచ్చింది, సొరంగం దాటింది, గోదావరి దాటింది. నేను సైకిల్ గంట పట్టుకుని గోడ దగ్గర నిలబడి కొట్టాను. వెనక గల్లీకి వినిపించేలా కొట్టాను. ఒకటి. కాసేపాగి మళ్లీ ఒకటి. ఓదేలన్న వింటున్నాడు, అక్కడ కిటికీ తెరిచి ఉంది, ఆయన మొహం మీద ఇదే వెలుగు పడుతోంది అనుకుంటూ కొట్టాను. నా కళ్లు తడిశాయి. నా పాపం కొంచెం తీరిపోతోందని కూడా అనుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

మా ఆయన ఇంజను ఆపేసి నా వైపు చూశాడు. "ఏందే, ఊకె ఒక్కటే కొడ్తున్నవ్? ఒక్క గంటంటే ఆగుమని" అన్నాడు.

ఆగుమని. గోడ అవతల, మంచంలో ఉన్న మనిషికి నేను రెండోసారి అదే చెప్పాను.

ఆ వారంలోనే ఓదేలన్న పోయాడు. మా ఆయన వెళ్లి టెంటు బయట నిలబడ్డాడు. లోపలికి వెళ్లి మొహం చూడలేదు. నా మీద కోపంతోనే పోయిండు, నేను ఏ మొకం పెట్టుకొని సూడాలె అన్నాడు. కర్మలయ్యాక లచ్చక్కను ఒకటే అడిగాడు, బావ దగ్గర ఒక బిళ్ల ఉండాలె, దొరికితే ఇయ్యి అని. ఆమె పెట్టెలన్నీ దించింది. ఓదేలన్న చొక్కాల జేబులన్నీ తిరగేసింది. ఎంత వెతికినా దొరకలేదని మా గడపలో నిలబడి ఏడ్చింది. నేను ఆమెకు మంచినీళ్లిచ్చాను. వంటింట్లోకి వెళ్లి, పోపుల డబ్బా పక్కనే ఉన్న గ్లాసు తీసుకుని, మంచినీళ్లిచ్చాను.

రైలు ఇప్పటికీ ఉంది. పట్టాలు కొంత తుప్పు పట్టాయి. మా ఆయన ఒక్కడే నడుపుతాడు, అప్పుడప్పుడు. జామచెట్టు మలుపు దగ్గర ఒక గంట కొట్టి ఆపుతాడు. ఎవరో వచ్చి పట్టా సరిచేస్తారన్నట్టు కాసేపు ఆగి, మళ్లీ తనే రెండు గంటలు కొట్టుకుంటాడు. నా దగ్గర కూర్చుంటాడు కూడా. మంచివాడు. నవ్వడు.

ఇవాళ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక బిళ్లను బయటికి తీశాను. చింతపండుతో తోమాను. ఆవాల వాసన పోలేదు గానీ పేరు తేటగా కనిపించింది. తీసుకెళ్లి ఆ మేకుకే తగిలించాను. బాయిలో అయితే బిళ్ల మేకు మీదికి వచ్చిందంటే మనిషి పైకి వచ్చాడని. ఓదేలన్నను ఇన్నేళ్లు లోపలే ఉంచింది నేను. పైకి తెచ్చాను అనడానికి ఇక నాకు హక్కు లేదు.

నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు. నువ్వెవరు క్షమించడానికి? ఓదేలన్న లేడు. లచ్చక్కకు రేపు చెప్తాను అనను, ఆ రేపు సంగతి నీకు చెప్పాను కదా. నేనే తీశాను. తెలిసే తీశాను. తెలిసే దాచాను. ఇదిగో, ఇది రాశాక ఊపిరి కాస్త కిందిదాకా దిగుతోంది. ఇంతే కావాలి నాకు.

మంచం కిర్రుమంది. ఆయన లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. చెప్పుల చప్పుడు పెరటి తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఏమే" అని పిలిచాడు.

వెళ్తున్నాను.